నడిమి గోడ

కొత్తగూడ చౌరస్తాలో జిరాక్సు దుకాణం పైన వకీలు పార్థసారథి ఆఫీసు. రెండు వేల పదకొండు మార్చిలో ఒక మధ్యాహ్నం ఆయన తెల్లకాగితం మీద పదకొండు పేర్లు రాసుకున్నాడు. ఇల్లు, గ్యాసు పొయ్యి, ఇనుప బీరువా, రెండు మంచాలు, టీవీ, టేబుల్ ఫ్యాను, మోపెడ్ బండి, ఇత్తడి గుండిగ, వెండి కడియాలు, చెవికమ్మలు, చివరగా తాపీ పని సామాను. ఇరవై మూడేళ్ల కాపురం అర పేజీలో సరిపోయింది. బల్లకు ఇవతల ప్లాస్టిక్ కుర్చీల్లో అంజమ్మ, ఆమె భర్త కిష్టయ్య కూర్చున్నారు. ఇద్దరి నడుమ ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

పార్థసారథిది రాజమండ్రి దగ్గర. హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా మాటలో ఆ తీపి పోలేదు.

"చూడండమ్మా, ఒక మాట ముందే చెప్పేస్తాను. మీకు తరవాత మోసపోయానని అనిపించకూడదు. విడాకులు తీసుకుంటే ఇల్లు చెరి సగం అని మన చట్టంలో ఎక్కడా లేదండి. ఎవరి పేరున ఉంటే వాళ్లదే. పెళ్లికి మీ పుట్టింటివాళ్లు పెట్టినవి, మీకని ఇచ్చినవి, కడియాలూ కమ్మలూ గుండిగా, అవి మీవి. భరణం అడగొచ్చు. ఇల్లు మాత్రం కాగితం ప్రకారం ఆయనది."

అంజమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "ఇల్లు కట్టినోళ్ల పేరు కాయితంల రాయరా సార్?"

"కొన్నవాళ్ల పేరు రాస్తారమ్మా."

"కొన్నది ఇద్దరం. నా మెడల బంగారు గుండ్లపేరు అమ్మితె వచ్చింది ఆ జాగ. ఇటుకలు మోసింది నేను. ఇసుక జల్లించింది నేను. కాయితం మీద మొగోని పేరుంటె మంచిదని అన్నరు, సరే అన్న. నాకు భరణం అద్దు. ఆయన పైసలతోని బతికే అక్కర నాకు లేదు. నాకు ఇంట్ల సగం కావాలె."

పార్థసారథి కిష్టయ్య వైపు చూశాడు. ఇక్కడే బేరం మొదలవుతుందని ఆయనకు తెలుసు. చాలామంది మగవాళ్లు ఈ మాట దగ్గరే కుర్చీ వెనక్కి తోసి లేచిపోతారు.

కిష్టయ్య తల ఎత్తలేదు. "సగం రాయుండ్రి సార్. ఆమె చెప్పింది నిజమే."

వకీలు కలం తెరిచి రాసుకున్నాడు. ఇంత తొందరగా తేలిపోయిన కేసు ఆయనకు ఈ మధ్య రాలేదు. "అమ్మేసి సగం సగం తీసుకుందామంటే కుదరదండి. మీది నోటరీ కాగితం, రిజిస్ట్రేషన్ లేదు. ఇప్పుడు అమ్మితే అయినకాడికి పోతుంది. ఇద్దరూ ఒప్పుకుని, ముందు భాగం ఈయనకీ వెనక భాగం ఆవిడకీ అని రాసుకుంటే, కోర్టు దాన్నే ఖాయం చేస్తుంది. కాకపోతే రెండో వాయిదా నాటికి నడుమ గోడ లేచి ఉండాలి. గోడ లేకుండా సగం అంటే రేపు మళ్లీ నా దగ్గరికే వస్తారు."

గోడ అన్న మాటకు ఇద్దరూ ఒకేసారి తల ఊపారు. పని మాట వినపడితే అలా తల ఊపడం వాళ్లకు ఏళ్ల నాటి అలవాటు.

*

జోగిపేట దగ్గరి పల్లె నుంచి కూతుర్ని చంకనేసుకుని వాళ్లు ఈ దిక్కుకు వచ్చినప్పుడు కొండాపూర్‌లో బండరాళ్లూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ లేవు. కిష్టయ్య తాపీ మేస్త్రీ. అంజమ్మ అతనికి మాలు అందించేది. సిమెంటూ ఇసుకా నీళ్లూ కలిపిన ముద్దను వాళ్లు మాలు అంటారు. ముందు ప్రహరీ గోడలు కట్టారు. తరువాత అద్దాల మేడలు లేస్తుంటే, అద్దాలు బిగించక ముందు లోపలి గోడలు కట్టారు. ఆరో అంతస్తు, ఎనిమిదో అంతస్తు. కింద చూస్తే కళ్లు తిరుగుతాయని అంజమ్మ అతని చేతి వైపే చూస్తూ పని చేసేది. ఆ చెయ్యి ఎడమ పక్కకు చాపితే ఇటుక కావాలని అర్థం. మణికట్టు తిప్పితే మాలు. రెండు వేళ్లు ఆడిస్తే నీళ్లు. నోటితో అడగాల్సిన పని ఉండేది కాదు. ఏ కట్టడం దగ్గరైనా మిగతా మేస్త్రీలు అరుస్తూ ఉండేవాళ్లు, వీళ్ల దగ్గర మాత్రం తాపీ చప్పుడే వినిపించేది.

అరవై గజాల జాగా కొన్నాక ఆదివారాలు తమ కోసం పని చేసుకున్నారు. ముందు గది, నడిమి గది, వెనక వంటగది, పక్కన మనిషి పట్టే సందు. మొదట రేకులు, నాలుగేళ్లకు స్లాబు. స్లాబు పోసిన రోజు కిష్టయ్య తల్లి బుచ్చమ్మ ఊరి నుంచి వచ్చి, నడిమి గదిలో మంచం వేసుకుని, ఇక పోనంది. కూతురు మమత ఆ ఇంట్లోనే పెరిగి, ఆ ఇంటి ముందు వేసిన పందిట్లోనే పెళ్లి చేసుకుని సంగారెడ్డి వెళ్లింది.

కిష్టయ్యకు బాలానగర్‌లో ఫ్యాక్టరీ షెడ్డు పని దొరికింది ఆ తరువాతే. పని పెద్దది, అక్కడే ఉండాల్సి వచ్చేది. అక్కడ కూలీలకు అన్నం వండిపెట్టే నవనీత అనే ఆమె ఉంది. ఏడాది తిరక్కుండానే కిష్టయ్య ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, తినకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. నవనీతకు నెలలు నిండుతున్నాయని కూడా చెప్పాడు. అబద్ధమాడినా బాగుండేదని అంజమ్మకు అప్పుడు అనిపించింది. అబద్ధమైతే పోట్లాడేది. నిజం చెప్పిన మనిషితో ఏం పోట్లాడుతుంది? "లేచి పో" అంది. అతను లేచి పోయాడు.

అంజమ్మ మేస్త్రీ పనులు మానేసి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హౌస్ కీపింగ్‌కు చేరింది. అందులో అయిదో అంతస్తు గోడలు తాము కట్టినవేనని అక్కడ ఎవరికీ చెప్పలేదు. రంగు వేసి, బొమ్మలు తగిలించిన ఆ గోడల్ని రోజూ తడిగుడ్డతో తుడిచేది. ఒక మూల మలుపు దగ్గర ఆమె చెయ్యి కొంచెం ఎక్కువసేపు ఆగేది.

పోయిన మనిషి పోయాడని ఊరుకుంటే సరిపోయేది. ఆమె చెవులు ఊరుకోలేదు. బస్తీలోకి ఏ మోపెడ్ వచ్చినా ఆ చప్పుడు కిష్టయ్య బండిదా కాదా అని పోల్చుకునేవి. అతని బండి మలుపులో ఒక్కసారి దగ్గినట్టు ఆగి మళ్లీ అందుకునేది. రెండేళ్లు ఆ దగ్గు కోసం విన్నది. కిష్టయ్య వచ్చి, బిడ్డను బడిలో వెయ్యాలి, నవనీత పేరు రేషన్ కార్డులో ఎక్కించాలి, విడాకులు ఇయ్యి అని అడిగిన రోజున ఆమె వెంటనే ఒప్పుకోవడానికి కోపం కారణం కాదు. ఇలా వింటూ కూర్చోవడం ఇక తన వల్ల కాదనుకుంది, అందుకే. కాగితం మీద అయిపోతే లోపల కూడా అయిపోతుందని నమ్మింది.

"అమ్మా, కోర్టుకు ఎందుకే? ఉన్నడో లేడో గట్లనే ఉండనియ్యరాదె" అని మమత ఫోన్లో ఏడ్చింది.

"ఉన్నడో లేడో తెల్వకనే బిడ్డా" అంది అంజమ్మ.

*

ఎల్.బి. నగర్ కోర్టులో మొదటిసారి నిలబడినప్పుడు, ఆరు నెలలు ఆలోచించుకుని రమ్మన్నారు. చట్టం ఇచ్చే గడువు అది, అందరికీ ఇస్తారని పార్థసారథి చెప్పాడు. ఆ ఆరు నెలలు సరిగ్గా సెప్టెంబరుకు తీరాయి. సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది.

బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. బడులు మూసేశారు. బొగ్గు లేక గంటలకు గంటలు కరెంటు పోయేది. కోర్టు గేటు ముందు వకీళ్లు టెంటు వేసుకుని కూర్చున్నారు. వాయిదా ముందు రోజు పార్థసారథి ఫోన్ చేశాడు.

"కోర్టు లేదమ్మా. ఎప్పుడు తెరుస్తారో నాకూ తెలీదు. మా బార్‌లో అందరూ బయటే ఉన్నారు. నేను లోపలికెళ్తే బాగోదు, వెళ్లినా జడ్జి గారి ముందు ఏ కేసూ నడవట్లేదండి. ఈలోగా ఆ గోడ పని చూసుకోండి."

కట్టడాలన్నీ ఆగిపోవడంతో కూలీలు ఊళ్లకు వెళ్లిపోయారు. గోడ కట్టడానికి మనిషి దొరకడు. బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాస మర్నాడు పొద్దున్నే మలుపులో ఆ దగ్గు వినిపించింది. అంజమ్మ చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కిష్టయ్య బండి దిగి, సంచిలోంచి తాపీ, గుండుదారం, రసమట్టం తీసి అరుగు మీద పెట్టాడు.

"పని బందున్నది. నేనే కడుత. మనిషి దొరకకపోతె నేనే మాలు కలుపుకుంట."

"ఎందుకు? నా చేతులు పడిపోయినయా?" అంది అంజమ్మ. గోడ అయ్యేదాకా డ్యూటీకి రానని కంపెనీకి ఫోన్ చేసింది.

ఇటుకలు కొనాల్సిన పని లేకపోయింది. మేడ మీద ఒక గది వేద్దాం, మమత కాన్పుకు వస్తే గాలి తగిలే చోట పడుకుంటుంది అని నాలుగేళ్ల కిందట తెప్పించిన ఇటుకలు సందులో పేర్చి ఉన్నాయి. పైవరస మీద నాచు పట్టింది. అంజమ్మ వాటిని ఒక్కొక్కటి తీసి బకెట్లో ముంచి తడుపుతుంటే నాచు వేళ్లకు అంటుకుంది.

నడిమి గదిలో కిష్టయ్య దారం లాగి, ముగ్గుతో గీత వేశాడు. గీత సరిగ్గా బుచ్చమ్మ మంచం కింద నుంచి పోయింది. ముసలామె మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"అవ్వా, జర లెవ్వు. మంచం జరపాలె."

"ఎటు జరపాలె?"

కిష్టయ్య చేతికంటిన ముగ్గు దులుపుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న గదరా. గటా, గిటా? కాయితంల టీవీ రాసిండ్రట, గుండిగ రాసిండ్రట. నన్నెటు రాసిండ్రు?"

ఆ మాట ఇద్దరికీ అంతవరకు తట్టలేదు. వకీలుకూ తట్టలేదు. కిష్టయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "నాతోని బాలానగర్ వస్తవనుకున్న అవ్వా."

"బాలానగర్ల నాకెవరున్నర్రా? పదమూడేండ్లాయె, నా నోటికాడికి ముద్ద తెచ్చింది గీమె. నువ్వు విడిచిపెట్టినవ్, సరే. నేనెందుకు విడిచిపెడుత?" ముసలామె కోడలి వైపు తిరిగింది. "బిడ్డా, నువ్వు తలాపు దిక్కు పట్టు. ఆడు కాళ్ల దిక్కు పడుతడు. వంటింటి దిక్కు వెయ్యుండ్రి."

ఆమె కూర్చుని ఉండగానే మంచం ఎత్తి ఇద్దరూ గీత దాటించారు.

*

పని మూడు రోజులు సాగింది. గట్టిగా చేస్తే రెండు రోజుల్లో అయ్యేదే.

మొదటి రోజు ఒక వరస పడేదాకా ఇద్దరూ బిగుసుకుని ఉన్నారు. రెండో వరసలో కిష్టయ్య చెయ్యి ఎడమ పక్కకు చాచాడు. అప్పటికే అక్కడ ఇటుక ఉంది. ఎప్పుడు అందించిందో అంజమ్మకే తెలియలేదు. ఆ తరువాత చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మణికట్టు తిరిగేలోపు మాలు, వేళ్లు ఆడేలోపు నీళ్లు.

"జర పల్సగైంది" అన్నాడు కిష్టయ్య.

"నువ్వే కదా నీళ్లు పొయ్యమన్నవ్."

"నేనన్ననా?"

"ఎప్పుడూ గట్లనే అంటవ్. పోయించి, మళ్ల పల్సగైందంటవ్."

ఇద్దరూ ఒక్కసారి ఆగారు. రెండేళ్లలో వాళ్లు ఆడుకున్న మొదటి మామూలు మాట అది. మంచం మీద నుంచి బుచ్చమ్మ చూస్తోందని తెలిసి అంజమ్మ తట్ట ఎత్తుకుని బయటికి నడిచింది. సందులో ఇసుక కుప్ప ముందు నిలబడి కొంతసేపు ఊరికే పార ఆడించింది. ఈ మనిషి తిరిగి రావాలని ఆమె కోరుకోలేదు. వస్తే ఆ నవనీత గతేమిటి, ఆ పసిదాని గతేమిటి అని కూడా ఆలోచించగలదు. ఆమెకు కావలసింది వేరే. ఆరో అంతస్తు మీద, ఎండలో, మాటా పలుకూ లేకుండా ఒకరి చెయ్యి ఒకరికి తెలిసిన ఆ పొద్దులు కావాలి. వాటిని ఏ జాబితాలో ఎన్నో నంబరుగా రాయమనాలో ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, చింతకాయ పచ్చడి పెట్టింది. గోడ మోకాలి ఎత్తు లేచింది. అతను అటుపక్క కూర్చుని తిన్నాడు, ఆమె ఇటుపక్క. పచ్చడి గిన్నె గోడ మీదే పెట్టారు.

రెండో రోజు గోడ ఛాతీ దాకా వచ్చింది. మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. జై తెలంగాణ అరుపులు దగ్గరకొచ్చి దూరమయ్యాయి. వెనక వాడలో ఆడవాళ్లు తంగేడు పూలు పంచుకుంటూ మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఒకామె గుమ్మంలోంచి తొంగి చూసి, "అంజక్కా, ఈసారి బతుకమ్మ పేరుస్తలేవా?" అని అడగబోయి, లోపల లేస్తున్న గోడనూ దాని పక్క నిలబడ్డ మనిషినీ చూసి వెనక్కి తగ్గింది.

అంజమ్మ ఇటుక అందిస్తూ, అతని మొహం చూడకుండా అడిగింది. "పాప పేరేంది?"

కిష్టయ్య చేతిలో తాపీ ఆగింది. "వెన్నెల."

"నడుస్తున్నదా?"

"ఉరుకుతున్నది."

అంజమ్మ తల ఊపి ఇంకో ఇటుక తీసింది. దానికి అంటిన నాచును బొటనవేలితో రుద్ది రుద్ది పోగొట్టి అప్పుడు అందించింది.

మూడో రోజు మధ్యాహ్నానికి గోడ తల దాటింది. కిష్టయ్య అటుపక్క డ్రమ్ము మీద ఎక్కి కడుతున్నాడు. ఇటుపక్క అంజమ్మ స్టూలు మీద నిలబడి ఇటుకలు పైకి అందిస్తోంది. ముందు అతని గడ్డం కనిపించకుండా పోయింది. తరువాత కళ్లు. తరువాత తలగుడ్డ. చివరి రెండు వరసల్లో చేతులు మాత్రమే కనిపించాయి. సున్నానికి, సిమెంటుకు పగిలిన ఆ వేళ్లు ఆమెకు తన వేళ్లకంటే బాగా తెలుసు. చూపుడు వేలు గోరు నల్లబడి ఉంది. అది కొత్త దెబ్బ. ఎక్కడ తగిలిందో అడగాలనుకుంది. ఆ వేలు ఇటుక పట్టుకుని వెనక్కి వెళ్లింది.

స్లాబుకూ గోడకూ నడుమ ఒక్క ఇటుక సందు మిగిలింది. అందులోంచి అటుపక్క కిటికీ వెలుగు ఇటు పడుతోంది.

"ఇదొక్కటే" అన్నాడు అటు నుంచి.

"ఊఁ" అంది ఇటు నుంచి.

ఆ ఇటుక అతని దగ్గరే ఉంది. ఆమె అందించాల్సింది ఏమీ లేదు. తాపీతో రెండు దెబ్బలు వినిపించాయి. ఇటుపక్క చీకటి పడింది.

ఇల్లు కట్టిన ఇన్నేళ్లలో కిష్టయ్య ముందు గదిలోంచి వంటగదిలోకి ఎన్ని వేలసార్లు నడిచాడో. ఇప్పుడు ఆ దారి లేదు. అతను ముందు గుమ్మం దిగి, వీధిలోకి వచ్చి, సందులో నుంచి తిరిగి, వంటగది పక్క తలుపు దగ్గరికొచ్చాడు. చెప్పులు విడిచాడు. గడప అవతల నిలబడ్డాడు.

"లోపలికి రావాల్నా? ఇటుపక్క పూత వెయ్యాలె."

అంజమ్మ గడప వైపు చూసింది. ఈ గడప తెచ్చి నిలబెట్టింది అతనే. రా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. వస్తే ఇంకో పూట పని. ఇంకో పూట ఆ చెయ్యి. ఆ తరువాత మళ్లీ పోతాడు, పోవడం మాత్రం తప్పదు.

"ఇటుపక్క నేనే పూసుకుంట. తాపీ ఇచ్చి పో."

"నీకు పూత వస్తదా?"

"ఇరవై ఏండ్లు నీ చెయ్యే కదా చూసింది."

ఆడకూలీల చేతికి తాపీ ఇవ్వడం వాళ్ల పనిలో లేదు. మొయ్యడం ఆడవాళ్లది, కట్టడం మగవాళ్లది. కిష్టయ్య తాపీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాడు. మంచం మీది తల్లిని గడప అవతల నుంచే "అవ్వా, పోతున్న" అని పలకరించి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం దాకా అంజమ్మ పూత వేసింది. మొదటి ముద్ద జారి కింద పడింది. రెండోది నిలిచింది. గోడ నున్నగా రాలేదు, అక్కడక్కడ గరుకు తేలింది. అయినా ఆమె ఆపలేదు. బుచ్చమ్మ మంచం మీద నుంచి "ఆ మూలకు తక్కువైంది బిడ్డా" అని చూపిస్తూ కూర్చుంది.

*

సమ్మె ఆగి, కోర్టులు తెరిచి, వాళ్ల వంతు వచ్చేసరికి డిసెంబరు అయింది. జడ్జి గారు కాగితాలు తిప్పి, "ఇల్లు పంచుకున్నారా? గోడ కట్టారా?" అని అడిగారు.

"కట్టినం సార్" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

జడ్జి గారు తల ఎత్తి ఇద్దరినీ చూశారు. సంతకాలు పెట్టమన్నారు. కిష్టయ్య సంతకం పెట్టాడు. అంజమ్మ మమత నేర్పిన అక్షరాలతో తన పేరు రాసింది. కాగితం మీద ఆమె పేరు ఇంటి పక్కన ఉండడం అదే మొదలు.

బయట చెట్టు కింద పార్థసారథి ఇద్దరికీ నకళ్లు ఇచ్చి, "ఏ ఇబ్బందొచ్చినా ఫోన్ చెయ్యండి. నేనెక్కడికీ పోను" అన్నాడు. ఆ రోజుల్లో ఆయన్ను అందరూ మీరు ఆంధ్రకు పోతారా సార్ అని అడుగుతుండేవాళ్లు. ఎవరూ అడగకపోయినా అలా చెప్పడం ఆయనకు అలవాటైపోయింది.

గేటు దగ్గర కిష్టయ్య బండి తీశాడు. "రెండు బస్సులు మారాలె నువ్వు. కూసో, ఇంటికాడ దింపుత."

అంజమ్మ వెనక సీటు వైపు చూసింది. సీటు చిరిగిన చోట కొత్త గుడ్డ వేసి కుట్టి ఉంది. ఎవరో శ్రద్ధగా కుట్టారు.

"ఇప్పుడు నీ బండి మీద నేనేమైతనని కూసోవాలె?"

ఆమె బస్‌స్టాపు వైపు నడిచింది. వెనక బండి చాలాసేపు స్టార్టు కాలేదు. ఆమె ఆ చప్పుడు వినేదాకా నడక మెల్లగా సాగించింది, విన్నాక మామూలుగా నడిచింది.

*

కాగితంతో అయిపోతుందనుకున్నది అయిపోలేదు. కిష్టయ్య తన సగాన్ని ఒక వాచ్‌మన్ కుటుంబానికి కిరాయికి ఇచ్చాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం కిరాయికి వచ్చేవాడు. ముందు గుమ్మం దగ్గర మాట్లాడి, సందులోకి వచ్చి, గడప అవతల నిలబడి తల్లిని పలకరించి పోయేవాడు. ఆ ఆదివారాలు అంజమ్మ తలస్నానం చేసేది. కూరగాయలు తరుగుతూ వంటగదిలో వెనక్కి తిరిగి కూర్చునేది. "మంచిగున్నవా?" అని అతను, "ఆఁ" అని ఆమె. నెల మొత్తానికి అంతే మాట. పని దొరికితే నవనీత వంట పని మానేసి అతని వెంట ఇటుకలు మోస్తోందని కిష్టయ్య ఒకసారి బుచ్చమ్మతో చెబుతుంటే విన్నది. నవనీత అతన్ని పంచుకున్నందుకు తను పడిన బాధకంటే, ఆ చేతికి ఇప్పుడు ఇంకొకరు ఇటుక అందిస్తున్నారన్న బాధే ఎక్కువైంది. ఆ రోజు ఉల్లిగడ్డ తరుగుతూ వేలు కోసుకుంది.

రెండేళ్ల తరువాత, ఢిల్లీలో తెలంగాణ బిల్లు పాసైన వారంలో, బుచ్చమ్మ పోయింది. బస్తీలో టపాసులు పేలుతూనే ఉన్నాయి. ముసలామెను సందులోంచి బయటికి తేవాల్సి వచ్చింది. నడుమ దారి ఉండి ఉంటే మంచంతో సహా ముందు గుమ్మంలోంచి తెచ్చేవాళ్లు. సందు ఇరుకు. కిష్టయ్య తల వైపు పట్టాడు, మమత మొగుడు కాళ్ల వైపు. అంజమ్మ ముందు నడుస్తూ మలుపు దగ్గర, "జర కుడికి. ఇగ ఎత్తుండ్రి" అని దారి చెప్పింది. ఆమె చెప్పినట్టే అతను కదిలాడు.

పదకొండో రోజు చుట్టాలు తిని వెళ్లిపోయాక కిష్టయ్య గడప దగ్గరికొచ్చాడు. ఖాళీ మంచం వైపు చూశాడు.

"అంజమ్మా, ఆమెను నువ్వు చూసుకున్నవ్. నా సగం గూడ నీ పేరు మీద రాస్త. వకీలు సారుతోని మాట్లాడిన."

అంజమ్మ గిన్నెలు తోముతున్న చెయ్యి ఆపలేదు. "వెన్నెలకుంచు. ఆడపిల్ల. రేపు ఆమె పేరు గూడ ఒక కాయితం మీద ఉండాలె."

"నీకద్దా?"

"నాకొచ్చింది నాకు చాలు. నువ్వు కిరాయికి రా. ఆదివారం ఆదివారం రా."

అనేశాక, ఏమన్నదో అప్పుడు వినిపించింది ఆమెకు. నెలకొకసారి వచ్చే మనిషిని ఆదివారం ఆదివారం అంది. మొహం తిప్పుకోలేదు. కిష్టయ్య ఆమెనే చూస్తున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయో, పొద్దున్నుంచి పొగలో ఉన్నందుకు ఎర్రబడ్డాయో.

"పిల్ల ఆగదు. ఆదివారాలు నన్నిడువదు" అన్నాడు మెల్లగా.

"తోలుకొని రా మరి."

అతను ఒకసారి తీసుకొచ్చాడు. జూన్ నెలలో, రాష్ట్రం వచ్చిన సంబరాలకు కంపెనీల రోడ్లన్నీ లైట్లతో మెరుస్తున్న వారంలో. పిల్ల గులాబి రంగు గౌనులో అతని చూపుడు వేలు పట్టుకుని సందంతా ఉరుకుతూ వచ్చింది. గడప అడ్డమొస్తే అడగలేదు, ఆగలేదు, నేరుగా లోపలికి వచ్చి బుచ్చమ్మ మంచమెక్కి కూర్చుంది. అంజమ్మ బెల్లం ముక్క చేతిలో పెట్టింది. తింటున్నంతసేపూ దాని మొహంలో అతని ముక్కును, ఎవరివో తెలియని కళ్లను చూస్తూ కూర్చుంది. కిష్టయ్య గడప అవతలే నిలబడ్డాడు. "నువ్వు గూడ రా" అని అంజమ్మ అనలేదు. పిల్ల బెల్లం పూర్తి చేసి, చేతులు గౌనుకు తుడుచుకుని, బండెక్కడానికి పరుగెత్తింది.

వాళ్లు వెళ్లాక అంజమ్మ గడపలో కూర్చుంది. మలుపులో బండి ఒకసారి దగ్గింది. మళ్లీ అందుకుంది. మెయిన్ రోడ్డు హోరులో కలిసిపోయేదాకా ఆమె దాన్ని పోల్చుకుంటూనే ఉంది.